పసుపు కడిగిన కర్ర

గౌతమీ క్లబ్బు ఫార్వర్డు లైనులోని ఐదుగురి హాకీ కర్రల్లో నాలుగు వీరబ్రహ్మం గారి చేతికి ఎలా వచ్చాయో, ఐదోదాని కోసం ఆయన మొగల్తూరు చుట్టూ ఎలా తిరిగారో ఈపాటికి మనకు తెలుసు. అది లెఫ్ట్ అవుట్ లోవరాజు కర్ర. లోవరాజు పోయి పద్నాలుగేళ్ళయింది. అతని భార్య రత్తమ్మ దాన్ని వలల పక్కన, తెడ్ల పక్కన నిలబెట్టి ఏటా ఆయుధపూజ చేస్తూ వచ్చింది. ప్రదర్శన కోసం అరువిచ్చేటప్పుడు ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, మహర్నవమికి కర్ర మళ్ళీ తన ఇంట్లో ఉండాలని. తీరా తెచ్చి చూస్తే దాని మీద పసుపూ కుంకుమా అట్టకట్టి ఉన్నాయి. నలుగురూ చూసే వస్తువు కదా అని వీరబ్రహ్మం గారు కుంకుడు రసంతో ఒకసారి, టర్పెంటైన్ దూదితో ఒకసారి కడిగారు. పిడి కింద, పసుపు అడుగున, కాల్చిన మేకుతో పెట్టిన చుక్కలు బయటపడ్డాయి. ఐదు ఉండవలసిన చోట నాలుగే ఉన్నాయి. కిందటి వారం మనం ఆయన్ని ఆ చుక్కల ముందు వదిలేసి వచ్చాం.

ఆ చుక్కలు ఆయన తండ్రి పెట్టినవే. రాజమండ్రిలో ఏ ఆటగాడి కర్ర విరిగినా ఇన్నీసుపేటలోని ఆ వడ్రంగి కొట్టుకే వచ్చేది. ఒకరిది ఒకరికి పోకుండా ఆయన పిడి కింద చుక్కలు కాల్చేవాడు. కుడి అంచున ఆడేవాడికి ఒకటి, అలా వరసన ఎడమ అంచున ఆడే లోవరాజుకి ఐదు. నాలుగు చుక్కల కర్ర లోవరాజు పక్కనే ఆడిన లెఫ్ట్ ఇన్‌ది. అంటే పల్లంరాజు గారిది.

మర్నాడు మధ్యాహ్నం క్లబ్బు పాత రీడింగ్ రూములో కరెంటు లేదు. ఉదయం నుంచీ ముసురు. వీరబ్రహ్మం గారు తలుపు దగ్గరగా వేసుకుని, బీరువా చాటున కూర్చుని, స్టీలు గిన్నెలో పసుపు కలుపుతున్నారు.

ఫిజిక్సు లెక్చరరుగా పనిచేసి మొన్న వేసవిలో రిటైరైన మనిషి ఇలా దొంగచాటుగా పసుపు కలుపుతుంటే చూసినవాళ్ళు నవ్విపోతారు. ఆయనకు మాత్రం నవ్వు రావడం లేదు. వేలితో కర్ర మీద కొంచెం రాసి చూశారు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల పాదంలా పచ్చగా మెరిసింది. పాతది ఇలా ఉండేది కాదు. అది ఎండిన మామిడి తాండ్ర రంగు. గిన్నెలో కాస్త కాఫీ డికాక్షన్ కలిపి చూశారు. కాలవ గట్టు బురదలా తయారైంది. తుడిచేశారు. మళ్ళీ రాశారు.

పొరపాటు ఎక్కడ జరిగిందో ఆయనకు తెలుసు. వడ్రంగి కొడుకు కాబట్టి కర్ర మీద మకిలి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మకిలి తీసి లోపలి చేవ బయటపెట్టడమే కర్రకు చేసే మర్యాద అని చిన్నప్పుడు కళ్ళారా చూసి నేర్చుకున్నారు. కడగొద్దని రత్తమ్మ చెప్పలేదు. నిజమే. కడుగుతారని ఆవిడ మాత్రం ఎందుకనుకుంటుంది?

రేపు పొద్దున్న ప్రదర్శన. ఎల్లుండి మహర్నవమి. ఈలోగా కర్రను మళ్ళీ పాతదానిలా చెయ్యాలి. చేసినా, ఇన్నేళ్ళూ నువ్వు దండం పెట్టింది నీ మొగుడి కర్రకు కాదమ్మా అని చెప్పాలా, మానాలా? ఏ నోటితో చెప్పడం?

దాని వెనకే ఇంకో ప్రశ్న పొంచి ఉంది. ఇది పల్లంరాజు గారి కర్రయితే, గది మధ్యలో అద్దాల బల్లలో పెట్టినది ఎవరిది?

దాన్ని ఊళ్ళో వెండి కర్ర అంటారు. యాభై ఎనిమిదిలో ఫైనల్ చివరి నిమిషాన గోలు కొట్టిన కర్ర. ఆట అయిపోగానే జనం మైదానంలోకి ఉరికి, కర్రను లాక్కుని, పల్లంరాజు గారిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. తర్వాత ఊరి పెద్దలు ఆ కర్ర పిడికి ఎర్ర ముఖమల్ చుట్టించి, పిడి కింద ఉంగరంలా వెడల్పాటి వెండి పొన్ను తొడిగించి ఆయనకు బహూకరించారు. ఆ పొన్ను సరిగ్గా చుక్కలుండే చోటును కప్పేసింది.

ఆలోచన ఇక్కడిదాకా వచ్చేసరికల్లా వీరబ్రహ్మం గారు దాన్ని వదిలేసి మళ్ళీ పసుపు కలపడం మొదలుపెడుతున్నారు.

ఆయనకు ఆ గోలు ఒక్క ఆట సంగతి కాదు. నాలుగేళ్ళ కిందట భార్య సుభద్ర కాకినాడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, బంధువులు ఒక్కొక్కరే రావడం తగ్గించాక, పల్లంరాజు గారు మాత్రం తన పాత అంబాసిడర్ వేసుకుని వస్తూనే ఉన్నారు. తగ్గిపోతుందమ్మా అని ఒక్కసారి కూడా అనలేదు. సుభద్ర అడిగితే గొడుగు తిరగేసి పట్టుకుని, వార్డు వరండాలో ఆ గోలు మళ్ళీ కొట్టి చూపించేవారు. హాకీ అంటే ఏమిటో తెలియని సుభద్ర దిండుకు ఆనుకుని నవ్వేది. ఆవిడ నవ్వు గుర్తు చేసుకోవాలంటే వీరబ్రహ్మం గారికి ఇప్పటికీ ఆ గొడుగే కళ్ళముందుకు వస్తుంది. అలాంటి మనిషి రేపు వచ్చి రిబ్బను కత్తిరించాలి. కిందటేడు ఒకసారి గుండెపోటు వచ్చిన మనిషి.

"మాస్టారండీ! లోపలున్నారా?"

ఆయన ఉలిక్కిపడి గిన్నెను బల్ల కిందికి తోశారు. కర్రను బీరువా పక్కన నిలబెట్టి, దాని మీద తువ్వాలు వేశారు. అప్పటికే తలుపు తెరుచుకుంది. ముందు వీరదుర్గ, వెనక తడిసిన కొంగు పిండుకుంటూ ఆమె తల్లి రత్తమ్మ.

"రేపు కదమ్మా రమ్మన్నాను" అన్నారు వీరబ్రహ్మం గారు.

"రేపు బస్సులో కాలు పెట్టనిత్తారేంటండీ, దసరా రద్దీ! ఇయ్యాళే నర్సాపురంలో ఎక్కితే పాలకొల్లు దాటేదాకా అమ్మ నిలబడే ఉంది. టిక్కెట్టు తీసుకున్నాక సీటు మీద కూర్చోకూడదని ఏమన్నా రూలుందా అని కండక్టర్ని అడిగాను. అప్పుడు లేపాడండీ ఒకణ్ణి." వీరదుర్గది రేవులో చేపల వేలం పాడే గొంతు. నెమ్మదిగా మాట్లాడినా గది నిండిపోతుంది. సంచిలోంచి ఒక డబ్బా తీసి చాచింది. "కొబ్బరి లౌజండి. అమ్మ ముందు ఎండు రొయ్యలు కట్టింది. ఆచార్ల ఇంటికి రొయ్యలేంటే, తిట్టిపోత్తారు అని నేనే తీయించేశాను."

"ఆయ్, మరిచిపోయానండి" అంది రత్తమ్మ సిగ్గుపడుతూ. "ఒక్కళ్ళూ ఉంటారు, ఏం వండుకుంటారో ఏంటో అని మనసులో పడిపోయింది."

"ఎందుకమ్మా ఇవన్నీ" అన్నారు ఆయన, చేతులు వెనక్కి పెట్టుకునే.

డబ్బా అలాగే గాలిలో ఉండిపోయింది. వీరదుర్గ కనుబొమలు ముడిపడ్డాయి. రత్తమ్మ ఒకడుగు పక్కకు వేసి, ఆయన వెనక్కి తొంగి చూసింది.

"అయ్యో, చేతులకి పసుపేంటండీ? దెబ్బ తగిలిందా?"

తప్పించుకోవడానికి ఇంతకన్నా మంచి దారి దొరకదు. "చిన్నదేనమ్మా. గీసుకుంది" అన్నారు.

"ఏదీ, చూడనివ్వండి. తుప్పు మేకైతే పసుపుతో ఊరుకోకూడదు, సూది ఏయించాలి."

రత్తమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కిటికీ వెలుతురులోకి లాగింది. అరచెయ్యి చూసింది, తిప్పి మణికట్టు చూసింది. తన కొంగు చివరతో ఒక్కో వేలూ తుడుస్తూ గాయం కోసం వెతికింది. ఇలా ఎవరైనా తన చెయ్యి పట్టుకుని చూసి నాలుగేళ్ళయిందని, ఆ భయంలో కూడా ఆయనకు తోచింది.

"గాయం లేదు కదండీ" అంది రత్తమ్మ.

అప్పటికే వీరదుర్గ చూపు బల్ల కింది గిన్నె మీద పడింది. అక్కణ్ణించి బీరువా పక్కన తువ్వాలు కప్పుకుని నిలబడ్డ కర్ర మీద పడింది. నాలుగంగల్లో వెళ్ళి తువ్వాలు లాగి, కర్రను చేతిలోకి తీసుకుంది.

కర్ర తెల్లగా, నున్నగా, అప్పుడే కొట్లోంచి తెచ్చినట్టుంది. మధ్యలో అక్కడక్కడ బురద రంగు పసుపు మరకలు.

"ఇదేంటండీ మాస్టారూ?" అంది వీరదుర్గ. "ఇది మాది కాదు గదా?"

"మీదేనమ్మా. నేనే... మకిలి అనుకుని... ప్రదర్శనకి బాగుంటుందని కొంచెం శుభ్రం చేశాను."

"మకిలా?"

రత్తమ్మ కర్రను కూతురి చేతిలోంచి తీసుకుని, పిడి కిందిభాగం కిటికీ వైపు తిప్పి పట్టుకుంది. కళ్ళు చిట్లించి చూసింది. కొంచెం తిప్పి మళ్ళీ చూసింది. పారేసుకున్న చెవిపోగు కోసం చాపంతా తడిమినట్టు వేళ్ళతో తడిమింది.

"ఏదండీ?" అంది.

"ఏదమ్మా?"

"ఏలు."

ఆయనకు అర్థం కాలేదు.

"ఆయన ఏలండి. ఇక్కడుండాలి. ఇక్కడే."

వీరదుర్గ ముఖం పక్కకు తిప్పుకుంది. చెప్పింది కూడా ఆమే. కిటికీకి చెప్పినట్టుగా చెప్పింది. "మా నాన్న కాలం చేసిన ఏడు దసరాకి మంచం దిగలేదండి. అమ్మ కర్రని మంచం దగ్గరికే పట్టుకెళ్ళింది. బొటనేలు పసుపులో ముంచి నొక్కాడు. గీతలతో సహా పడింది. ఆ తర్వాత ఏటా అమ్మ చుట్టూరా పసుపు రాసేది గానీ ఆ ఏలు మీద రాసేది కాదు. దుమ్ము పడితే గుడ్డ కూడా తగలనిచ్చేది కాదండి. నోటితో ఊదేది."

వీరబ్రహ్మం గారు కుర్చీ వీపు పట్టుకున్నారు. ఇప్పుడు గుర్తొస్తోంది. పసుపు పొరలో ఒకచోట చిన్న పల్లం ఉంది. అందులో వడ్లగింజ పొట్టు మీద ఉన్నట్టు సన్నని గీతలు. చీలికేమో అనుకుని, దూది మార్చి, అక్కడ ఇంకొంచెం గట్టిగానే రుద్దారు.

"అమ్మా, నాకు తెలీదు" అన్నారు. ఆ మాట ఎంత తేలికగా ఉందో ఆయనకే వినిపించింది.

"మీకెలా తెలుత్తాదండి" అంది రత్తమ్మ. కోపం లేదు. కోప్పడితే బాగుండుననిపించింది ఆయనకు. ఆవిడ కర్రను ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడింది. "నేను చెప్పాల్సింది. ఫోటో తీసి పెట్టుకోవే అని ఇది అంటానే ఉంది. ఏలు ఉండగా ఫోటో ఎందుకని నేనే..."

ముసురు కాస్తా వానగా మారి రేకుల మీద చప్పుడు మొదలైంది. గోడ మీద పాత జెర్సీలు, చిరిగిన కాన్వాసు బూట్లు, సున్నం రంగు పెచ్చులూడిన బంతి, ఐదుగురూ చేతులు కట్టుకుని నిలబడ్డ ఫోటో. ఇన్నేళ్ళు ఇంటింటికీ తిరిగి పోగేసిన సరంజామా అంతా ఆయనకు ఒక్కసారిగా పాత సామాన్ల కొట్టులా కనిపించింది.

ఆవిడ వేళ్ళు చుక్కల మీద ఆగాయి. ఇక దాచడం ఆయన వల్ల కాలేదు.

"రత్తమ్మ గారూ, ఇంకొక సంగతి. ఆ చుక్కలు మా నాన్న పెట్టినవి. లోవరాజు గారికి ఐదుండాలి. వీటిని బట్టి చూస్తే ఈ కర్ర..."

"పల్లంరాజు గారిది. తెలుసండి."

"తెలుసా!"

"ఆ చుక్కలు కనపడకూడదనే మా ఆయన పసుపు పెట్టడం మొదలెట్టాడండి. లేకపోతే మా ఇళ్ళల్లో ఆటకర్రకి పూజేంటండీ? వలకి చేత్తాం, పడవకి చేత్తాం. మా అత్త నవ్విందంట, బంతిని కూడా పెట్టు, కొబ్బరికాయ కొడతాను అని." రత్తమ్మ మొదటిసారి తలెత్తి ఆయన్ని చూసింది. "కర్ర ఆయనది కాదండి. ఏలు మటుకు ఆయనదే."

ఈసారి ఉలిక్కిపడింది వీరదుర్గ. "అదేంటే అమ్మా? ఇన్నేళ్ళూ నాన్న కర్ర, నాన్న కర్ర అని నా చేత హారతి ఇప్పించావు!"

"నీకు చెప్తే రేవంతా వేలం పాడేత్తావు."

"ఇప్పుడు చెప్పు. పాడతానో మానతానో తర్వాత సంగతి."

రత్తమ్మ కర్రను ఒకసారి నిమిరింది. తర్వాత, తను చూడని ఆటను భర్త చెప్పినట్టే చెప్పుకొచ్చింది. చివరి నిమిషం. మసక చీకటి. ఎడమ అంచు నుంచి లోవరాజు లోపలికి దూసుకొచ్చాడు, పక్కనే పల్లంరాజు గారు. ఇద్దరూ ఒకే బంతి మీదికి కర్రలు ఎత్తారు, ఇద్దరూ పడ్డారు, బంతి వలలోకి వెళ్ళింది. గోలు వెనక నిలబడ్డవాళ్ళు మాత్రం ఏ కర్ర తగిలిందో చూశారు. ఉరికి వచ్చి, మట్టిలో బోర్లా పడి ఉన్నవాడు ఎవరో చూడకుండానే చేతిలోంచి ఆ కర్ర లాక్కుని పరిగెత్తారు. మిగతా జనానికి అనుమానమే రాలేదు. టోర్నమెంటంతా గోలు మీద గోలు కొట్టింది పల్లంరాజు గారైతే, ఇదెవరు కొడతారు? ఆయన్ని ఎత్తుకున్నారు. జనం వెళ్ళిపోయాక మైదానంలో ఒక కర్ర మిగిలింది. మోకాలు వాచిన లోవరాజు దాన్ని ఊతంగా పెట్టుకుని నడిచి వెళ్ళాడు.

"మర్నాడు కర్ర మార్చుకుందామని ఎల్లాడంటండి. అప్పటికే రాజు గారిని దండలేసి బజార్లో తిప్పుతున్నారు. చూసి ఎనక్కొచ్చేశాడు."

"ఎందుకు?" వీరదుర్గ గొంతు లేచింది. "అది నాదండీ అని ఒక్క ముక్క అనడానికి నోరు లేదా?"

"క్లబ్బులో చేరిన కొత్తలో కుండ దగ్గరికి ఎల్తే, చేపలోడికి ఈ కుండలో నీళ్ళేంటి అన్నారంట. రాజు గారు తను తాగుతున్న గ్లాసు ఇచ్చి, తాగరా లోవా అన్నాడంట. అప్పుడు అందరూ నోరు మూసుకున్నారు."

"గ్లాసుడు మంచినీళ్ళకి గోలు ఇచ్చేశాడా నాన్న!"

"తాగినోడికి తెలుత్తాది ఆ నీళ్ళు ఎలా ఉన్నాయో. రేవులో సోడాలు తాగే నీకేం తెలుసే."

వీరదుర్గ గది మధ్యకు వచ్చి అద్దాల బల్ల ముందు నిలబడింది. లోపల వెండి పొన్ను మసక వెలుతురులో కూడా మెరుస్తోంది. "అయితే మా నాన్న కర్ర ఇది. దీని కింద ఐదు చుక్కలుండాలి. అవునా మాస్టారూ? తీసి చూస్తే తేలిపోద్ది గదా."

"వద్దమ్మా" అన్నారు ఆయన వెంటనే. "రేపు రాజు గారు వస్తున్నారు. ఆయన ఒంట్లో బాగుండటం లేదు. ఆ గోలు తలుచుకునే ఆయన..."

"ఆయన గుండెకి భయపడతన్నారు. మా అమ్మ గుండె మీద టర్పెంటైన్ రుద్దేశారు గదండీ మీరు!"

"దుర్గా!" అంది రత్తమ్మ.

"ఏం? అబద్ధమా?"

అబద్ధం కాదు. వీరబ్రహ్మం గారు తల వంచుకున్నారు. ఫోటోలో నల్లటి సన్నటి లోవరాజు ఒక కొసన నిలబడి, కెమెరా వైపు కాకుండా పక్కనున్న పల్లంరాజు వైపు చూసి నవ్వుతున్నాడు. ఆ ఫోటో ఆయన ఎన్నిసార్లు తుడిచి ఉంటారు! ఆ చూపు మాత్రం ఇవాళే కనపడింది.

రత్తమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. కడిగిన కర్రను జాగ్రత్తగా కుర్చీకి ఆనించి, అద్దాల బల్ల దగ్గరికి వచ్చింది. "నేను దీన్ని ఎప్పుడూ ముట్టుకోలేదండి. ఒక్కసారి ఇత్తారా?"

ఆయన అద్దం జరిపి, కర్ర తీసి ఆవిడ చేతుల్లో పెట్టారు. ఆవిడ పిడి పట్టుకుని చూసింది. ముఖమల్ మీద వేళ్ళు ఆడించి, ఏమీ దొరకనట్టు ఆగిపోయింది.

"ఈ గుడ్డ కింద ఆయన పట్టుకున్న చోటు ఉంటాది గదండీ?"

"ఉంటుందమ్మా. బొటనవేలు ఆనే చోట పట్టీ అరిగి, పల్లం పడి ఉంటుంది. ప్రతి ఆటగాడికీ అంతే."

"అయితే గుడ్డ తియ్యండి. గోలు ఎవరిదో నాకక్కర్లేదు. ఒక ఏలు పోయింది. ఇదన్నా చూడనివ్వండి."

ఆయన వాచీ చూసుకున్నారు. తలుపు వైపు చూశారు. ముఖమల్ కొస పొన్ను కిందికి వెళ్ళి బిగిసి ఉంది. పొన్ను కదపకుండా గుడ్డ రాదు. ఆ మాట చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ ముసలావిడ, గాయం కోసం తన వేళ్ళు తుడిచిన ముసలావిడ, పిడి పట్టుకుని ఎదురుచూస్తోంది.

తండ్రి పనిముట్ల సంచిలోంచి సన్నని ఉలి, పట్టకారు తీశారు. పొన్నును పట్టి ఉంచిన చిన్న మేకు కోసం వేలితో తడిమారు. తగిలింది. తలను వెండితో సమంగా ఆకురాయితో అరగదీసి, గుచ్చుకోకుండా చేసిన మేకు. అలా అరగదీసే చెయ్యి రాజమండ్రి మొత్తం మీద ఒక్కటే ఉండేది. వీరబ్రహ్మం గారి వేలు ఆ మేకు మీదే ఆగింది. ఈ పొన్ను బిగించింది నాన్నే. చుక్కలు పెట్టిన మనిషే, చుక్కలు చూసి కూడా, వాటి మీద వెండి తొడిగాడు. పోయేదాకా ఒక్క మాట కూడా చెప్పలేదు.

"ఏమైందండీ?" అంది వీరదుర్గ, గొంతు తగ్గించి.

"ఏం లేదమ్మా. వెలుతురు చాలడం లేదు."

ఆమె కిటికీ రెక్క బార్లా తెరిచి, జల్లు పడకుండా గొడుగు అడ్డం పెట్టింది. మేకు ఊడింది. ముఖమల్ కొస విడిపోయింది. ఆయన నెమ్మదిగా చుట్టు విప్పారు. అడుగున ఎన్నడో చెమటకు నల్లబడిన బట్టపట్టీ. దాని మీద, పైనుంచి జానెడు కింద, నునుపు తేలిన చిన్న పల్లం.

రత్తమ్మ తన బొటనవేలు అందులో పెట్టింది. ఆవిడ వేలికి అది పెద్దది. చుట్టూ కొంచెం చోటు మిగిలింది. అలాగే ఉంచి కళ్ళు మూసుకుంది. వీరబ్రహ్మం గారు ఉలిని మళ్ళీ సంచిలో పెట్టారు.

మేకు లేని పొన్ను ఆవిడ చేతి కదలికకు దానంతటదే కిందికి జారింది. ఒక చుక్క బయటపడింది.

అదే సమయంలో వీధిలో హారను మోగింది. ఆగి ఆగి, దగ్గినట్టు మోగే హారను. కాకినాడ ఆసుపత్రి గేటు ముందు రోజూ విన్న హారను. ఆయన పొన్నును పైకి తొయ్యబోయారు. వేళ్ళు జారాయి. పొన్ను పైకి పోవలసింది పోయి ఇంకా కిందికి దిగింది. రెండో చుక్క, మూడోది. కారు తలుపు పడిన చప్పుడు.

"బ్రహ్మం! ఒరే బ్రహ్మం! రేపు జనంలో ఏం చూస్తానురా, ఇవాళే చూసి పోదామని వచ్చాను."

నాలుగో చుక్క దగ్గర పొన్ను బిగుసుకుపోయింది. ఇక పైకీ రాదు, కిందికీ పోదు. చేతికర్ర చప్పుడు మెట్లెక్కుతోంది. ఈ స్థితిలో ఆ కర్ర చూస్తే ఆయన ఏమైపోతారు? వీరబ్రహ్మం గారు ముఖమల్‌ను బల్ల మీంచి అందుకుని కర్ర మీద కప్పబోయారు. వీరదుర్గ ఆయన మణికట్టు పట్టుకుంది. "ఉండనివ్వండి" అంది.

తలుపు తెరుచుకుంది. తెల్ల పంచె, తడిసిన భుజాలు, ఎత్తయిన మనిషి కాస్త వంగి గుమ్మంలో నిలబడ్డారు. నవ్వుతూ వచ్చిన ముఖం రత్తమ్మను చూసి ఆగింది. కుర్చీకి ఆనించిన తెల్లటి కర్రను చూశారు. బల్ల మీద విప్పి పడేసిన ఎర్ర ముఖమల్, రత్తమ్మ చేతిలో పొన్ను జారిన కర్ర చూశారు. వీరబ్రహ్మం గారు ఒక్క అంగలో ముందుకు వచ్చి ఇంకో కుర్చీ జరిపారు, పడిపోతే పట్టుకోవడానికి చేతులు చాచారు.

పల్లంరాజు గారు పడిపోలేదు. చేతికర్ర గోడకు ఆనించి, కళ్ళద్దాలు తీసి, పంచె కొసతో తీరిగ్గా తుడుచుకున్నారు. "కూర్చోమ్మా రత్తమ్మా, నిలబడ్డావేంటి" అన్నారు. తర్వాత కుర్చీలోకి నెమ్మదిగా వాలి, ఇన్నేళ్ళుగా ఎవరో ఒకరు అడుగుతారని ఎదురుచూసి అలిసిపోయిన గొంతుతో అడిగారు.

"ఐదోది కూడా కనిపించిందా, బ్రహ్మం?"